వృక్షరేఖకు ఎగువన చూసిన తెల్లగంటల పొద ఏమిటి?

మంచుబాట (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. జూన్ చివరి వారంలో ఉత్తరాఖండ్‌లో, పూలలోయకు వెళ్ళేవారు బస చేసే ఘాంఘరియాకు చాలా ఎగువన, భూర్జవృక్షాలు కూడా ఆగిపోయిన ఎత్తులో ఒక చిన్న పొదను చూశాను. అది ఉత్తరానికి తిరిగిన వాలు. ఒక పెద్ద బండ నీడలో ఇంకా కరగని మంచు పేరుకొని ఉంది, ఆ మంచు అంచుకు రెండడుగుల దూరంలో ఈ పొద ఉంది. ఎత్తు జానెడుకు మించదు. దీనికి కాండం కనబడదు. చేపపొలుసుల వంటి ఆకులు ఒకదానిపై ఒకటి కప్పుకొని నాలుగు వరుసలుగా కాండాన్ని పూర్తిగా మూసివేయడం వల్ల ఒక్కో కొమ్మ నాలుగు పేటలతో అల్లిన సన్నని తాడులా కనిపించింది. కొమ్మల కొసలకు కాస్త దిగువన, వంగిన సన్నని కాడలకు తలకిందులుగా వేలాడుతూ తెల్లని గంటలు ఉన్నాయి. ఒక్కొక్క గంట నా చిటికెనవేలి గోరంత.

మాతో వచ్చిన ఒకరు దీన్ని ఒక రకమైన నాచు అన్నారు. నాచు పూయదు కదా అంటే, అయితే కొండల్లో పెరిగే, పూలు పూయని జూనిపర్ అనే పొద అయి ఉంటుందన్నారు. జూనిపర్‌కు గంటలు ఎక్కడివి? మూడు ఫొటోలు జతచేశాను. ఒక్క రెమ్మ కూడా తుంచలేదు కనుక చేతిలో నమూనా ఏమీ లేదు. ఇది ఏ మొక్కో, దీనికి తెలుగులో పేరేదైనా ఉందో తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

వనలేఖ

మంచుబాట గారూ, మీ రెండవ ఫొటో చూసిన తరువాత సందేహానికి తావు లేదు. ఇది కాసియోపే ఫాస్టిజియాటా. రోడోడెండ్రాన్లు, బ్లూబెర్రీలు, హీథర్లు చేరిన ఎరికేసీ కుటుంబానికి చెందిన సతతహరిత పొద. పాకిస్తాన్ ఉత్తర భాగం మొదలుకొని మన హిమాలయ రాష్ట్రాలు, నేపాల్, భూటాన్ మీదుగా నైరుతి చైనా వరకు, చెట్లు ఆగిపోయే ఎత్తుకు అటూ ఇటూ, ముఖ్యంగా దానికి పైన, చల్లని తేమ వాలులపై పెరుగుతుంది. మహా అయితే ముప్పై సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది.

గుర్తుపట్టడానికి పువ్వు అవసరం లేదని నేను చాలాకాలంగా చెబుతూ ఉంటాను, ఎందుకంటే ఈ పొద పూచే రోజులు తక్కువ, పూయని రోజులే ఎక్కువ. ఆకును చూడండి. మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల పొడవున్న ఆ చిన్న ఆకు అంచు చుట్టూ ఉల్లిపొరలాంటి పలుచని తెల్లని పొర ఉంటుంది. మీ రెండవ ఫొటోలో కొమ్మ పొడవునా కనిపిస్తున్న వెండి గీతలు అవే. ఆ తరువాత ఆకు వీపును, అంటే బయటికి కనబడే వైపును చూడండి, నడిమధ్యన నిలువుగా ఒక లోతైన గాడి ఉంటుంది. వెండి అంచు, వీపున గాడి, నాలుగు వరుసలు. ఈ మూడూ కలిస్తే హిమాలయాల్లో మరొక మొక్కతో పొరబడే అవకాశం చాలా తక్కువ. ఇదే ప్రజాతిలోని సెలాజినాయిడిస్ అనే జాతి కూడా నేపాల్ నుంచి తూర్పుగా ఉంది, కాని దాని ఆకుకు ఈ వెండి అంచు లేదు.

మీ తోటివారు నాచు అన్నందుకు వారిని తప్పుపట్టకండి. ఈ ప్రజాతికి పేర్లు పెట్టిన వృక్షశాస్త్రవేత్తలకే ఆ పోలిక తట్టింది. సెలాజినాయిడిస్ అంటే సెలాజినెల్లా వంటిది, లైకోపోడియాయిడిస్ అంటే లైకోపోడియం వంటిది అని అర్థం. ఆ రెండూ పువ్వులు లేని, నాచును తలపించే ప్రాచీన మొక్కలు.

కొండగాలి

వనలేఖ గారి వివరణ బాగుంది. అయితే ఆ ఎత్తులో మరుగుజ్జు రోడోడెండ్రాన్లు కూడా దండిగా ఉంటాయి కదా, అవి కూడా ఎరికేసీ కుటుంబానివే. ఆంథోపోగాన్ అనే సువాసన గల జాతిని నేను చాలాసార్లు చూశాను. దూరం నుంచి వెలిసిపోయిన పసుపు, తెలుపు పువ్వులు కనబడితే ఏది ఏదో చెప్పడం నాకు సాధ్యం కాలేదు. జూనిపర్ విషయంలోనూ అంతే. నడుస్తూ నడుస్తూ తేల్చుకోగలిగే గుర్తు ఏదైనా ఉందా?

వనలేఖ

ఉంది. ఆంథోపోగాన్ పువ్వులు కొమ్మ కొసన గుత్తిగా, పైకి లేదా పక్కకు చూస్తూ విచ్చుకుంటాయి. కాసియోపే పువ్వు ఒంటరిగా ఆకు మొదలు నుంచి వచ్చి, కిందికి చూస్తుంది. ఆంథోపోగాన్ ఆకు నిజంగా ఆకులా వెడల్పుగా ఉంటుంది, నలిపితే ఘాటైన వాసన వస్తుంది. చాలా జూనిపర్ల ఆకులు సూదులు, వేలికి గుచ్చుకుంటాయి. కాసియోపే కొమ్మను వేళ్ళతో తాకితే గుచ్చుకోదు, నున్నగా అల్లిన తాడును తాకినట్లు ఉంటుంది. తాకి చూడండి, తుంచకండి.

నక్షత్రవీధి

నేను మొక్కల మనిషిని కాను, ఆకాశం చూసేవాడిని. కాని కాసియోపే అన్న పేరు వినగానే ఆగలేకపోయాను. ఇది ఉత్తరాకాశంలో ఎం ఆకారంలో కనబడే కాసియోపియా నక్షత్రమండలం పేరే కదా. మన పుస్తకాలలో ఆ మండలాన్ని శర్మిష్ఠ అంటారు, దాని పక్కన ఉన్న ఆండ్రోమెడాను దేవయాని అంటారు.

వెదికితే తెలిసిన కథ ఇది. స్వీడన్‌కు చెందిన వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1732లో లాప్‌లాండ్ యాత్ర చేసినప్పుడు బురదనేలల్లో, చుట్టూ నీళ్ళున్న గడ్డి దిబ్బలపై పూచే ఒక చిన్న గులాబీరంగు పొదను చూశాడు. సముద్రం మధ్యన బండకు గొలుసులతో కట్టివేసిన గ్రీకు రాకుమారి ఆండ్రోమెడా ఆయనకు గుర్తుకు వచ్చింది, ఆ పేరే పెట్టాడు. ఉత్తరధ్రువ ప్రాంతపు తెల్లగంటల పొదను కూడా 1753లో అదే ఆండ్రోమెడా ప్రజాతిలో చేర్చాడు. మన హిమాలయ జాతికి కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా పనిచేసిన నథానియల్ వాలిచ్ తొలుత పెట్టిన పేరులో కూడా ఆండ్రోమెడాయే ఉంది. తరువాత 1834లో డేవిడ్ డాన్ అనే వృక్షశాస్త్రవేత్త, ఈ నాలుగు వరుసల ఆకుల మొక్కలు వేరే ప్రజాతి అని తేల్చి, వాటికి ఆండ్రోమెడా తల్లి కాసియోపే పేరు పెట్టాడు. కూతురి ఇంటి నుంచి విడదీసిన మొక్కలకు తల్లి పేరు పెట్టడం చాలా ముచ్చటగా అనిపించింది.

కనుక నా ప్రతిపాదన ఇది. తెలుగులో ఈ పొదను శర్మిష్ఠ అని పిలుద్దాం. ఆకాశంలో ఆ పేరు ఎలాగూ స్థిరపడింది, నేల మీద కూడా స్థిరపడితే తప్పేముంది?

ఆకుపచ్చకలం

నక్షత్రవీధి గారూ, మీ ఉత్సాహాన్ని గౌరవిస్తూనే నా అభ్యంతరం చెబుతాను. గ్రీకు కథలో కాసియోపే తల్లి, ఆండ్రోమెడా కూతురు. తల్లి తన అందాన్ని గురించి గొప్పలు చెప్పుకోవడం వల్ల కూతురు బండకు బందీ అయింది. మన ఆదిపర్వంలో శర్మిష్ఠ వృషపర్వుని కూతురు, దేవయాని శుక్రాచార్యుని కూతురు. వారిద్దరూ ముందు స్నేహితురాళ్ళు, తరువాత సవతులు. నక్షత్రమండలాలకు ఆ పేర్లు వాడుకలోకి వచ్చాయి కనుక అక్కడ సరే. మొక్క దగ్గర డాన్ ఉద్దేశించిన తల్లీకూతుళ్ళ సంబంధం పేరులోనే ఉంది, శర్మిష్ఠ అనగానే ఆ సంబంధం పోతుంది. పైగా ఇంటిపేరు వంటి ప్రజాతి పేరును అలాగే తెలుగు లిపిలో రాసుకుంటే ప్రపంచంలో ఎక్కడి సమాచారాన్నైనా వెదుక్కోవచ్చు.

మంచుబాట గారు శీర్షికలో అప్రయత్నంగా రాసిన "తెల్లగంటల పొద" అన్న మాట నాకు ఎక్కువ నచ్చింది. చూసినవాడు చూసింది చూసినట్లు పెట్టిన పేరు అది. కావాలంటే హిమాలయ తెల్లగంటల పొద అందాం.

ఇక అసలు సంగతికి వస్తాను. వనలేఖ గారు చెప్పిన ఆ ఆకు వీపు మీది గాడి కేవలం గుర్తింపు చిహ్నం కాదు. నేను ఒకసారి ఎండిన నమూనా ఆకును అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద చూశాను. బయటికి సన్నని గీతలా కనబడిన గాడి లోపల చిన్న గదిలా విశాలంగా ఉంది. దాని గోడల నిండా పొట్టి నూగు ఉంది. ఆకు ఊపిరి పీల్చే పత్రరంధ్రాలు ఆ నూగు మధ్యన దాగి ఉన్నాయి. ఎత్తైన కొండ మీద గాలి ఎడతెగకుండా వీస్తూ ఉంటుంది, ఎండ తీవ్రంగా ఉంటుంది, నేల మాత్రం గడ్డకట్టి నీరు ఇవ్వదు. అటువంటి చోట ఆకు బహిరంగంగా ఊపిరి తీస్తే ఉన్న నీరంతా గాలిపాలవుతుంది. ఈ పొద తన పత్రరంధ్రాలను ఒక గదిలో పెట్టి, గదికి సన్నని తలుపు పెట్టి, ఆ తలుపుకు నూగు తెర కట్టుకుంది. ఆపైన ఆకులన్నీ ఒకదానినొకటి హత్తుకొని ఉండటం వల్ల వాటి మధ్యన గాలి నిలకడగా ఉంటుంది. నాలుగు పేటల తాడు అన్నారే, ఆ అల్లిక అందం కోసం వచ్చింది కాదు.

పువ్వులో కూడా చూడదగినది ఉంది. గంటలోకి కింది నుంచి భూతద్దంతో చూస్తే పది కేసరాలు కనబడతాయి. ఒక్కో పరాగకోశానికి రెండు సన్నని కొమ్ములు ఉంటాయి. పరాగకోశం నిలువునా చీలదు, కొసన ఉన్న రెండు రంధ్రాల గుండా మాత్రమే పుప్పొడిని వదులుతుంది. తేనె కోసం గంటలోకి తల దూర్చిన తుమ్మెద ఆ కొమ్ములను కదిలించగానే, ఉప్పుబుడ్డి వంచినట్లు, పుప్పొడి దాని మీద రాలుతుంది. గంట తలకిందులుగా ఉండటం వల్ల వాన, మంచు లోపలికి చేరవు. ఫలదీకరణ జరిగాక ఆ వంగిన కాడ నెమ్మదిగా నిటారుగా లేచి, ఐదు గదుల గుళికను ఆకాశం వైపు ఎత్తి పట్టుకుంటుంది, గాలికి ధూళి వంటి విత్తనాలు ఎగిరిపోతాయి. కిందికి చూస్తే పువ్వు, పైకి చూస్తే కాయ. దూరం నుంచే చెప్పవచ్చు.

నక్షత్రవీధి

ఆకుపచ్చకలం గారి అభ్యంతరం న్యాయమైనది, నా ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటున్నాను. తెల్లగంటల పొద అనే అందాం.

మంచుబాట

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఒక ప్రశ్న మిగిలింది. మంచు అంచుకు రెండడుగుల దూరంలో చూశానని రాశాను. అదే వాలులో కాస్త పైన, గాలికి మంచు నిలవని గట్టు మీద ఈ పొద ఒక్కటీ లేదు. కింద, మంచు ఇంకా దట్టంగా ఉన్న పల్లంలో కూడా చుట్టూ వెదికాను, అక్కడా కనబడలేదు. ఇది యాదృచ్ఛికమా? అలాగే ఆ పొదకు ఎంత వయస్సు ఉండవచ్చు? పరిమాణం చూసి రెండు మూడేళ్ళ మొక్క అనుకున్నాను.

ధ్రువరేఖ

మంచుబాట గారూ, మీ పరిశీలన యాదృచ్ఛికం కాదు, రెండు మూడేళ్ళు అన్న అంచనా మాత్రం చాలా తక్కువ. ఇదే ప్రజాతిలోని ఉత్తరధ్రువ జాతి, కాసియోపే టెట్రాగోనాతో నాకు పరిచయం ఉంది. నార్వేకు ఉత్తరాన, ధ్రువప్రాంతంలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో ఒక వేసవి క్షేత్రసహాయకుడిగా పనిచేసినప్పుడు రోజుల తరబడి మోకాళ్ళ మీద కూర్చుని దాని కొమ్మలను కొలిచాను. ఆ జాతి గ్రీన్‌లాండ్, కెనడా ఉత్తర దీవులు, స్కాండినేవియా ఉత్తరపు కొండలు, సైబీరియా అంతటా, అంటే ధ్రువం చుట్టూ వలయంలా వ్యాపించి ఉంది.

ముందు మంచు సంగతి. చలికాలంలో గాలి ఉష్ణోగ్రత ఎంత పడిపోయినా, మంచుదుప్పటి కింద నేల దగ్గర చలి అంత తీవ్రంగా ఉండదు, గాలి తగలదు, ఆకు ఎండిపోదు. గట్టు మీద మంచును గాలి ఊడ్చివేస్తుంది, అక్కడ సతతహరితమైన ఈ పొద గడ్డకట్టిన నేల నుంచి నీరు తీసుకోలేక ఎండిపోతుంది. పల్లంలో మంచు మరీ ఆలస్యంగా కరుగుతుంది, అక్కడ ఎదగడానికి, కాయడానికి రోజులు చాలవు. అందుకని ఎక్కువా కాక, తక్కువా కాక మంచు పడే మధ్యస్థ వాలునే ఈ పొద ఎంచుకుంటుంది. ధ్రువప్రాంతంలో ఈ పొదల పట్టీని చూసి చలికాలంలో మంచు ఎక్కడ ఎంత నిలిచిందో వేసవిలోనే ఊహించవచ్చు. మీరు చూసింది అదే పట్టీ.

ఇక వయస్సు. టెట్రాగోనా కొమ్మ ఏడాదికి ఎదిగేది కొన్ని మిల్లీమీటర్లే. దాని ఆకులు చనిపోయిన తరువాత కూడా ఎన్నో ఏళ్ళు రాలవు, చలికి కుళ్ళవు, కొమ్మను అంటిపెట్టుకునే ఉంటాయి. ఒక వరుసలోని ఆకులను కింది నుంచి పైకి ఒక్కొక్కటిగా కొలుచుకుంటూ పోతే విచిత్రం బయటపడుతుంది. వేసవి మొదట్లో పుట్టిన ఆకులు పొట్టివి, నడివేసవివి పొడవైనవి, చివరలో వచ్చినవి మళ్ళీ పొట్టివి. మరుసటి ఏడాది మళ్ళీ పొట్టి, పొడుగు, పొట్టి. కాగితం మీద గీస్తే అలలు వస్తాయి, ఒక్కో అల ఒక్కో సంవత్సరం. పువ్వు కాడలు రాలిన మచ్చలు కూడా ఏ ఏడాది పూచిందో చెబుతాయి. 1980ల చివరి నుంచి పరిశోధకులు ఈ అలలను చదివి, వాతావరణ కేంద్రాలు లేని చోట గడచిన వేసవుల వెచ్చదనాన్ని తెలుసుకుంటున్నారు. ఈ సంగతి నాకు తెలిసిన తొలిరోజే ఒక అరచేతి పొడవు కొమ్మ మీద ఇరవైకి పైగా అలలు లెక్కపెట్టాను. అది కనబడుతున్న కొమ్మ మాత్రమే. నాచులో పూడుకుపోయిన భాగం ఇంకా కిందికి ఉంది, దాన్ని నేను పెకలించి చూడలేదు.

కొండగాలి

ఇది నిజంగా కొత్త సంగతి. మన హిమాలయ జాతికి కూడా ఇదే లెక్క వర్తిస్తుందా? వర్తిస్తే యాత్రికులు ఫొటోల నుంచే వయస్సు చెప్పవచ్చు కదా.

ధ్రువరేఖ

జాగ్రత్తగా ఉండాలి. ఆకుల అలల పద్ధతిని టెట్రాగోనా మీద ఏళ్ళ తరబడి పరీక్షించి స్థిరపరచారు. ఫాస్టిజియాటా విషయంలో పరిశోధకులు కాండంలోని వార్షిక వలయాలను చదివారు, ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. వలయాలు చూడాలంటే కాండాన్ని కోసి, పలుచని పొరలు తీసి, రంగు అద్ది, సూక్ష్మదర్శిని కింద లెక్కించాలి. అది అనుమతి ఉన్న పరిశోధకుల పని. మీ ఫొటోలో అలలు కనబడితే చూసి ఆనందించండి, కాని దాన్ని వయస్సుగా ప్రకటించకండి.

మరొక సంగతి చెప్పకుండా ఉండలేను. టండ్రా, అంటే చెట్లు పెరగని చలినేలల మొక్కలపై వెచ్చదనం ప్రభావాన్ని తెలుసుకోవడానికి 1990లో మొదలైన ఐటెక్స్ అనే అంతర్జాతీయ ప్రయోగంలో ఈ పొద ముఖ్యమైనది. పైన తెరచి ఉన్న పారదర్శకమైన పలకల గూళ్ళను మొక్కల చుట్టూ నిలబెడతారు, వాటి లోపల వేసవి ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. అయితే వేసవి వెచ్చబడటం కంటే చలికాలం చెడిపోవడమే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. నడి చలికాలంలో మంచు మీద వాన కురిసి, ఆ నీరు నేల దాకా ఇంకి గట్టి మంచుగడ్డగా పేరుకుంటే, పొద గాజులో పోతపోసినట్లు అందులో ఇరుక్కుపోతుంది. స్వాల్‌బార్డ్‌లో కావాలని అలాంటి మంచుగడ్డను ఏర్పరచి చూసిన ప్రయోగంలో కొమ్మలు ఎక్కువగా చనిపోయాయి, పూలు తగ్గాయి. బతికిన కొమ్మలు మాత్రం ఎక్కువగా ఎదిగాయి. అంటే పొడవు పెరిగింది కదా బాగుంది అనుకోవడానికి వీల్లేదు. నేను కొలిచిన కొమ్మల్లో కూడా ఒకే పొదలో సగం పచ్చగా, సగం బూడిదరంగులో ఉన్నవి ఎన్నో.

రాతితోట

చర్చను మొదటి నుంచీ చదువుతున్నాను. ఈ పొదను పెంచడం గురించి ఎవరూ రాయలేదు కనుక, నా అనుభవం చెబుతాను. దీన్ని చూసిన ప్రతివారికీ ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది. చలిదేశంలో ఆల్పైన్, అంటే ఎత్తైన కొండల మొక్కల తోటలో కొంతకాలం పనిచేసినప్పుడు నాకూ అలాగే అనిపించింది.

అప్పట్లో నా చేతుల్లోనే ఒక పొద చనిపోయింది. ఎవరో కొండ మీద నుంచి మట్టిగడ్డతో సహా తవ్వి తెచ్చి ఇచ్చిన మొక్క అది. ఆమ్లగుణం గల మట్టి వేశాను, నీడ చూశాను, రోజూ నీరు పోశాను. వారం తిరగకముందే కొసలు గోధుమరంగుకు తిరిగాయి, నెల తిరిగేసరికి పొద మొత్తం ఎండిపోయింది, కాని ఆకులు మాత్రం రాలకుండా అలాగే ఉన్నాయి. చాలా రోజుల పాటు అది బతికే ఉందని భ్రమపడి నీరు పోస్తూ ఉన్నాను. చివరకు కుండీ నుంచి తీసి కడిగి చూస్తే సంగతి తెలిసింది. తవ్వినప్పుడు లావు వేళ్ళు మాత్రమే వచ్చాయి, సన్నని వేళ్ళన్నీ తెగి కొండ మీదే ఉండిపోయాయి.

ఎరికేసీ మొక్కల సన్నని వేళ్ళు తలవెంట్రుక కంటే పలుచన. వాటికి మూలకేశాలు ఉండవు. ఆ పని ఒక శిలీంధ్రం చేస్తుంది. అది వేరు పైపొర కణాల్లోకి చొరబడి, లోపల దారపుచుట్టలా చుట్టుకొని, బయట కుళ్ళీకుళ్ళని ఆకుమట్టిని విడగొట్టి అందులోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది, బదులుగా మొక్క నుంచి చక్కెరలు తీసుకుంటుంది. చలికి ఏదీ త్వరగా కుళ్ళని కొండనేలలో ఈ భాగస్వామ్యం లేకపోతే పొదకు తిండి లేదు. తవ్వి తెచ్చేవాడు మొక్కలో సగాన్నే తెస్తాడు, ఆ సగం కూడా బతకని సగం.

తోటల్లో దీన్ని పెంచడం సాధ్యమే. స్కాట్లాండ్ వంటి చల్లని, తేమగల చోట్ల వేసవి చివర తీసిన చిన్న కొమ్మముక్కల నుంచి, లేదా మట్టితో కప్పకుండా పైపైన చల్లిన విత్తనాల నుంచి పెంచుతారు. సున్నం ఉన్న నీరు పనికిరాదు, ఆకాశం కనబడే వెలుతురు కావాలి కాని ఎండవేడి తగలకూడదు, వేరు ఎప్పుడూ తడిగా ఉండాలి కాని నీట మునగకూడదు. ఎడిన్‌బరో రాజ వృక్షోద్యానంలో ఫాస్టిజియాటా, టెట్రాగోనాల కలయికతో పుట్టిన సంకరజాతికి ఎడిన్‌బరో అనే పేరే పెట్టారు. ప్రజాతి మొత్తంలో పెంచడానికి సులువైనవాటిలో అది ఒకటి. హిమాలయాల పొద, ధ్రువప్రాంతపు పొద ఒక తోటలో కలిశాయన్నమాట. ధ్రువరేఖ గారు, మంచుబాట గారు ఈ చర్చలో కలిసినట్లు.

వనలేఖ

రాతితోట గారు రాసిన దానికి ఒక్క మాట చేరుస్తాను. పూలలోయ జాతీయ ఉద్యానం, అందులో అనుమతి లేకుండా మొక్కను పెకలించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఉద్యానం వెలుపలి వాలుల మీద కూడా దయచేసి ముట్టుకోకండి. మరొకటి, ఎత్తైన మజిలీలలో చలిమంట కోసం ఎండుపుల్లలు ఏరేటప్పుడు ఈ పొదలు కూడా పోతుంటాయి. టెట్రాగోనాలో ఉండే జిగురు వల్ల అది పచ్చిగా, తడిగా ఉన్నా మండుతుంది. చెట్లే లేని ధ్రువప్రాంతంలో ఇన్యూట్ ప్రజలు తరతరాలుగా దాన్ని వంటచెరకుగా వాడారు. వారికి అది బతకడానికి అవసరంగా ఉండేది. గ్యాస్ పొయ్యి మోసుకువెళ్ళే మనకు ఆ అవసరం లేదు.

కొండగాలి

అర్థమైంది. నేను కూడా ఒకప్పుడు చలిమంటకు అలా పుల్లలు ఏరినవాడినే, అందులో ఏమేమి ఉన్నాయో ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంది. ఈ చర్చ చదివిన తరువాత పాత ఫొటోలు తిరగేశాను. అమెరికా ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ కాలిఫోర్నియా కొండల్లో ఇదే ప్రజాతికి చెందిన మెర్టెన్సియానాను అంతగా ఎందుకు ప్రేమించాడో, దాని కోసం ఎందుకు వెతుక్కుంటూ తిరిగాడో ఇప్పుడు తెలిసింది. నా ఫొటోల్లో ఈ పొద నాలుగు చోట్ల ఉంది. నాలుగింటిలోనూ నేను తీసింది వెనకాల ఉన్న శిఖరాన్ని.

మంచుబాట

ఈ వారం రోజులూ నా మూడవ ఫొటోను తెర మీద పెద్దది చేసి చూస్తూ ఉన్నాను. ధ్రువరేఖ గారి హెచ్చరిక గుర్తుంది, అందుకని వయస్సు అని అనను, చూసింది మాత్రం చెబుతాను.

ముందు వైపున్న ఒక కొమ్మ సుమారు బొటనవేలంత పొడవున స్పష్టంగా పడింది. కొసన ఉన్న నాలుగైదు ఆకులు లేతపచ్చగా, చాలా చిన్నవిగా ఉన్నాయి. జూన్ చివర కనుక అవి ఈ ఏడాదివి అయి ఉంటాయి, ఇంకా అల పైకి లేవలేదు. వాటికి దిగువన వెండి అంచులు దట్టంగా, దూరదూరంగా, మళ్ళీ దట్టంగా కనబడుతున్నాయి. ఆకులు పొట్టిగా ఉన్న చోట అంచులు దగ్గరపడి తెల్లగా కనబడతాయని, పొడుగ్గా ఉన్న చోట పచ్చ ఎక్కువగా కనబడుతుందని గ్రహించడానికి నాకు మూడు రోజులు పట్టింది. అలా ఆరు తెల్లని పట్టీలు లెక్కపెట్టాను. ఆరవ పట్టీ తరువాత ఆకులు గోధుమరంగుకు తిరిగాయి, ఆ తరువాత కొమ్మ నాచులోకి దిగిపోయింది. గోధుమరంగు భాగంలో ఒకచోట ఆకు మొదట్లో చిన్న గుండ్రని మచ్చ ఉంది. పువ్వు కాడ రాలిన మచ్చే అనుకుంటున్నాను, ధ్రువరేఖ గారు చూసి చెప్పాలి.

ఆ పొదలో అలాంటి కొమ్మలు వందకు తక్కువ ఉండవు. దాని పక్కన నడుము వాల్చడానికి చోటు చూసుకున్నప్పుడు, దాదాపు దాని మీదే నా సంచి దించబోయాను. తెల్లని గంటలు కనబడి ఆగాను. పూయని నెలలో వెళ్ళి ఉంటే ఆగేవాడిని కాను.

ఆల్బమ్‌లో ఆ ఫొటోల కింద ఇంతకుముందు "నాచు, పేరు తెలియదు" అని రాసి ఉంది. దాన్ని తీసివేసి, "కాసియోపే ఫాస్టిజియాటా, హిమాలయ తెల్లగంటల పొద, ఉత్తరపు వాలు, మంచు అంచుకు రెండడుగులు" అని రాశాను. సెప్టెంబరులో అదే దారిన మళ్ళీ వెళుతున్నాను. కాడలు నిటారుగా లేచి గుళికలు ఆకాశం వైపు తిరిగాయో లేదో చూసి, అదే కొమ్మను అదే కోణం నుంచి ఫొటో తీసి ఇక్కడే పెడతాను.